అందరి తాతలూ బొబ్బిలి కోటలోనే

వంశచరిత్ర పరిశోధించడం వల్ల మనిషికి ఒనగూరే లాభాలు ఇన్నీ అన్నీ కావు. ఆత్మగౌరవం పెరుగుతుంది. పెళ్లి సంబంధాల్లో మాట చెల్లుతుంది. గృహప్రవేశం ఫ్లెక్సీ మీద అన్నదమ్ముల ఫొటోలకి పైన మిగిలిపోయిన ఖాళీలో మీసాల పెద్దమనిషి బొమ్మ ఒకటి వేయించుకునే వీలు కలుగుతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ విద్య ఈమధ్య పుంజుకోవడం ఎంతైనా హర్షించదగ్గ విషయం. చేతిలో ఫోను ఉన్న ప్రతి కుర్రాడూ తాతకి తాత ఎవరో కనుక్కునే పనిలో పడ్డాడు. సొంత తాత మాత్రం బయట అరుగు మీద కూర్చుని, ఎవరైనా కాఫీ తెస్తారేమోనని చూస్తున్నాడు.

ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది కొత్తవాళ్లకి వచ్చే మొదటి సందేహం. మన వైపు దీనికి జవాబు ఎప్పుడో స్థిరపడింది. 1757 జనవరి 24న మొదలుపెట్టాలి. బొబ్బిలి యుద్ధం ఆ రోజే. కోటలో మీ పూర్వీకుడు ఉన్నాడు. ఉన్నాడా అని అడగకూడదు, ఉన్నాడు. తాండ్ర పాపారాయుడికి కుడిభుజంగా నిలబడి ఉన్నాడు. పాపారాయుడికి మొత్తం ఎన్ని కుడిభుజాలుండేవో ఎవరూ లెక్క తేల్చలేదు కానీ, ఆ చుట్టుపక్కల ఊరికి ఒకటి తగ్గకుండా ఉన్నట్టే వినిపిస్తుంది. పాపారాయుడు ఆ రోజు కోటలోనే లేడనీ, రాజాంలో ఉన్నాడనీ చరిత్ర చెబుతుంది. చెప్పనివ్వండి. మనిషి రాజాంలో, భుజాలు బొబ్బిలిలో ఉండకూడదని రూలేం లేదు.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. విజయనగరం పక్షాన వచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల ముందు కోట నిలవదని తెలిశాక లోపలివాళ్లు తమ ఆడవాళ్లనీ పిల్లలనీ తామే చంపుకుని, చివరిదాకా పోరాడి పోయారు. బతికి బయటపడ్డవాళ్లు బహు కొద్దిమంది. మరి పోయినవాళ్లకి ఇంతమంది మునిమనవలు ఎలా పుట్టారు అని ఎవరైనా అడిగితే, వాడు విజయనగరం వాడని తేల్చేసి గుమ్మం దాకా సాగనంపాలి. విజయనగరం వాళ్లకి ఎలాగూ వేరే ఏర్పాటు ఉంది. వాళ్ల తాతలంతా 1794 జూలై 10న పద్మనాభంలో చిన విజయరామరాజు పక్కన కుంపిణీ సైన్యాన్ని ఎదిరించినవాళ్లే. అక్కడ రాజుగారే పోయారు కాబట్టి, పక్కన ఎవరున్నారో సాక్ష్యం అడిగే భయం లేదు.

నాకు అర్థం కానిది ఒక్కటే. బుస్సీ ఫిరంగుల్ని బొబ్బిలి దాకా ఎవరో ఒకరు లాగి ఉండాలి కదా. ఎడ్లు ఎవరివి? గడ్డి ఎవరు కోశారు? అంత సైన్యానికి బియ్యం ఎవరు అమ్మారు? "మా తాత బుస్సీకి బియ్యం అమ్మాడు, రేటు కూడా బాగానే గిట్టింది" అని చెప్పుకునే ఇల్లు ఒక్కటీ తగల్లేదు. నా దృష్టిలో పరిశోధన చేయాల్సింది ఆ ఇంటి గురించే. కనీసం వాళ్లు బతికి, పిల్లల్ని కని ఉంటారు.

యుద్ధం అయ్యాక పేర్ల పని. ఇక్కడ సింహాద్రి అప్పన్న మనకి చేసిన మేలు మరిచిపోకూడదు. ఆయన పేరు మీదే అప్పన్న, అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పారావు. మిగిలినవాళ్లని అరసవల్లి సూర్యనారాయణ, శ్రీకూర్మం కూర్మనాథుడు, ముఖలింగేశ్వరుడు, విజయనగరం పైడితల్లమ్మ పంచుకున్నారు. పైగా తాత పేరు మనవడికి పెట్టడం ఆచారం. అందుకని కాగితం తిరగేస్తే అప్పలస్వామి తండ్రి అప్పన్న, అప్పన్న తండ్రి అప్పలస్వామి, ఆ అప్పలస్వామి తండ్రి మళ్లీ అప్పన్న. జమీందారీలు పోయిన కొత్తలో పట్టా పుచ్చుకున్న అప్పలస్వామీ, తర్వాత ఎప్పుడో ఎరువుల అప్పు తీసుకున్న అప్పలస్వామీ ఒకడేనా అన్నది బ్యాంకువాళ్లకే తేలలేదు, మనకేం తేలుతుంది? తేలకపోవడంలోనే లాభం ఉంది. చెరువు తవ్వించిన అప్పలస్వామి మనవాడు, బాకీ ఎగ్గొట్టిన అప్పలస్వామి పక్కింటివాడు. పైడితల్లి, సింహాచలం లాంటి పేర్లయితే మరీ సౌకర్యం. ఆడో మగో కూడా మనమే నిర్ణయించుకోవచ్చు.

ఇంటిపేరు పట్టుకుని వెతుకుతాం అంటారా? ఒకే ఇంటిపేరు ఊళ్లో సగం గడపలకి ఉంటుంది కాబట్టి దానితో ఎవరూ ఎవర్నీ పిలవరు. గానుగోళ్లు, మేడోళ్లు, చింతచెట్టోళ్లు అంటారు. ఆ పేర్లు ఏ అడంగల్‌లోనూ ఉండవు. అడంగల్‌లో ఉన్న పేర్లు ఊళ్లో ఎవరికీ తెలియవు. పుట్టిన తేదీల సంగతి చెప్పక్కర్లేదు. గాలివాన వచ్చిన ఏడు పుట్టినవాళ్లందరికీ బళ్లో మేష్టారు జూలై ఒకటి వేసేశారు.

ఇక జిల్లా. పార్వతీపురంలో ఒకే ఇంట్లో నాలుగు తరాలు పుట్టాయనుకోండి. ముత్తాత విశాఖపట్నం జిల్లాలో పుట్టాడు. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడ్డాక తాత శ్రీకాకుళం జిల్లాలో పుట్టాడు. 1979లో విజయనగరం జిల్లా వచ్చాక తండ్రి అందులో పుట్టాడు. 2022 తర్వాత పుట్టిన పాపది పార్వతీపురం మన్యం జిల్లా. ఇల్లు కదల్లేదు, పెరట్లో నుయ్యి కూడా కదల్లేదు. శ్రీకాకుళం పట్నం వాళ్లయితే 1936 దాకా గంజాం జిల్లా వాళ్లు. ఆ ఏడు ఏప్రిల్ ఒకటిన ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లేసరికి, నిన్నటిదాకా పక్క ఊళ్లో ఉన్న వియ్యపురాలు తెల్లారేసరికి పక్క రాష్ట్రంలో ఉంది. కాబట్టి "నాలుగు జిల్లాలకు విస్తరించిన వంశం" అని ధైర్యంగా అచ్చు వేయించుకోవచ్చు. కోర్టులో కూడా నిలుస్తుంది.

గయలోనూ కాశీలోనూ పండాల దగ్గర యాత్రికుల పేర్లు తరాల తరబడి రాసిన పుస్తకాలుంటాయి. మంచి ఆధారం. కాకపోతే అందులోకి ఎక్కాలంటే తాత దగ్గర అంతదూరం వెళ్లడానికి డబ్బుండాలి. డీఎన్ఏ పరీక్షలు కూడా వచ్చాయి. ఉమ్మి సీసాలో వేసి పంపితే ఎక్కడెక్కడి నెత్తురు కలిసిందో చెబుతారట. దీని జోలికి మాత్రం వెళ్లకండి. అందులో ఏం బయటపడినా పెళ్లి సంబంధాలకి పనికిరాదు.

నిజానికి ఈ పరిశోధనకి అడ్డంకి ఆధారం దొరక్కపోవడం కాదు, దొరకడం. ఆ ఆధారం మామూలుగా వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని చింతపండులో గింజలు తీస్తూ ఉంటుంది. కుర్రాడు ఫోనులో రికార్డింగ్ నొక్కి, "మామ్మా, ముత్తాత యుద్ధాలు చేసేవాడట కదా" అని అడుగుతాడు.

"యుద్దాలా? మీ ముత్తమ్మతోటి రోజూ సేసేవోడు నాయినా. ఆ మీదట అప్పులోళ్లు వొచ్చి గుమ్మంలో కూకుంటే, రాత్రికి రాత్రి రంగం ఎల్లిపోనాడు."

కుర్రాడు రికార్డింగ్ ఆపేస్తాడు.

రంగం అంటే రంగూన్. ఈ తీరం నుంచి ఓడలెక్కి వేలకు వేలమంది అక్కడికి వెళ్లారు. రేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో చాకిరీ చేశారు, రిక్షాలు లాగారు. 1930 మేలో రేవు కూలీల సమ్మె దగ్గర రేగిన అల్లర్లలో తెలుగు కూలీల్ని వెతికి వెతికి చంపారు. 1942లో జపాను సైన్యం వచ్చిపడితే కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు. దారిలోనే పోయినవాళ్లకి లెక్క లేదు. బొబ్బిలి కోటలో ఎవరున్నారో చెప్పలేం కానీ, రంగం వెళ్లిన మనిషి లేని ఊరు ఇక్కడ వెతికినా దొరకడం కష్టం. అయినా ఒక్క ఫ్లెక్సీ మీద రంగం కూలీ బొమ్మ చూడం. పరిశోధకుడి చేతిలో పడ్డాక ఆయన "బర్మాలో బియ్యం వ్యాపారం" చేసినవాడు అవుతాడు. బియ్యం నిజమే. బస్తా గోదాంలో ఉండేదా, వీపు మీద ఉండేదా అన్నది చిన్న వివరం.

ఇంకా దూరం పోయినవాళ్లున్నారు. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకి మద్రాసులో ఓడెక్కిన తెలుగు కూలీల్లో గంజాం, విశాఖపట్నం జిల్లాల వాళ్లు చాలామంది. దొరలు వాళ్ల జాబితాలు రాసి పెట్టుకున్నారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటి మీద గుర్తులతో సహా. అంటే తాత పుట్టుమచ్చ ఏ భుజం మీద ఉండేదో తెలిసిన కుటుంబాలు ఈవేళ దర్బన్‌లో ఉన్నాయి. ఇక్కడే ఉండిపోయిన మనకి భుజాల లెక్కే తేలలేదు.

ఆ దర్బన్ నుంచి ఒకాయన జాబితా కాపీ పట్టుకుని మన రచ్చబండ దగ్గర దిగాడనుకోండి. దండ వేస్తాం. కళ్లనీళ్లు పెట్టుకుంటాం. ముక్కు మనదే, నడక మనదే అంటాం. ఎవరింట్లో భోజనం అన్న దానిమీద చిన్న గొడవ కూడా అవుతుంది. సాయంత్రానికల్లా ఆయన మన వంశం కాదని ఏకగ్రీవంగా తేలుస్తాం. మధ్యాహ్నం విస్తరి ముందు కూర్చుని ఆయన అమాయకంగా "మా తాతగారి పొలం ఎక్కడుండేది?" అని అడిగి ఉంటాడు.

పొలం మాట వచ్చాక పరిశోధన ఆటలా ఉండదు. పెద్దిళ్లలోనూ అంతే. 1897లో ఆనంద గజపతి పోయాక విజయనగరం సంస్థానం వారసత్వం మీద దాయాదులు వేసిన వ్యాజ్యం ఏళ్ల తరబడి నడిచింది. గురజాడ అప్పారావు అంతటివాడి కాలం ఎంతో ఆ కాగితాల మధ్య కరిగిపోయింది. ఒక వంశవృక్షం తగువు తీర్చే పనిలో తెలుగువాళ్లకి ఎన్ని పుస్తకాలు తక్కువయ్యాయో ఎవరు చెప్పగలరు?

మన మామూలు ఇళ్లలో గీసే చెట్టు ఇంకా తేలిక. తండ్రి, కొడుకులు, కొడుకుల కొడుకులు. ఆడపిల్ల దగ్గర గీత ఆగిపోతుంది. ఆమె సారె పెట్టేటప్పుడు ఉంటుంది, చావు పనుల్లో ఏడవడానికి ఉంటుంది, చెట్టులో ఉండదు. ఇలా ప్రశాంతంగా సాగుతున్న శాస్త్రంలోకి చట్టం వచ్చి పడింది. అప్పటికి పెళ్లికాని కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో వాటా ఇస్తూ 1985లో ఎన్టీఆర్ హయాంలో మన రాష్ట్రం సవరణ తెచ్చింది. 2005లో దేశమంతటా కూతుళ్లకి ఆ హక్కు వచ్చింది. దాంతో వంశచరిత్రలో మేనత్తల శాఖకి ఎన్నడూ లేని ప్రాముఖ్యం కలిగింది. 1757 దాకా వెనక్కి నడిచి వెళ్లగలిగినవాడికి, సొంత మేనత్త ఏ ఊళ్లో ఉందో గుర్తుకొచ్చేది హక్కు విడుదల దస్తావేజు రాయించే రోజునే. ఆవేళ ఆమెకి కారు వెళుతుంది. చీర, పళ్లు, బాదుషా డబ్బా వెళతాయి. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని ఆడించావు అత్తా అని మేనల్లుడు గొంతు బొంగురు చేసుకుంటాడు. చుట్టరికం విలువ తెలియజేయడంలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి సాటి వచ్చే సంస్థ ఇంకొకటి లేదు.

దస్తావేజుకి వంశవృక్షం కూడా జతచేస్తారు. అత్త కళ్లజోడు సర్దుకుని దాన్ని కిందికీ మీదికీ చూస్తుంది. "ఇందులో మా అన్నలున్నారు, నువ్వున్నావు, నీ కొడుకున్నాడు. నా పేరేదిరా?"

"నీ పేరు మీ అత్తవారి వంశవృక్షంలో ఉంటుంది అత్తా. ఇది మన ఇంటిది కదా."

"ఆళ్లూ ఇదే సెప్పినారు నాయినా. నీ పేరు మీ పుట్టింటోళ్ల కాయితంలో ఉంటాది, ఎల్లి సూసుకోమని."

ఆవేళ సంతకం పడలేదు. దస్తావేజు రాతఖర్చూ, కారు కిరాయీ మేనల్లుడి ఖాతాలోనే పడ్డాయి. బాదుషా డబ్బా మాత్రం అత్త తీసుకెళ్లింది.