మిగిలిన పదిహేను శాతం

నల్లగొండలో ఏ ముచ్చటకైనా రెండు పార్టీలు ఉండాల్సిందే. ఈ మధ్య ఆ రెండు పార్టీలకు కొత్త పని దొరికింది. వంపు తిరిగిన హ్యాండిల్, బొటనవేలంత టైర్లు ఉండే రోడ్ బైక్‌ను ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలా, ఊళ్లో షాపుకు పోయి కొనాలా అన్నది ఇప్పుడు క్లాక్ టవర్ దగ్గర చాయ్ మీద నడుస్తున్న చర్చ. పొద్దున్నే వాకింగ్‌కు వచ్చేవాళ్లు ఒక పక్షం, రేపటి నుంచి వద్దామనుకుంటున్నవాళ్లు ఇంకో పక్షం. నాకు సైకిల్ లేదు, కొనే ఆలోచనా లేదు. ఎవరి దగ్గరా కమీషన్ తినలేదు, తినమని ఎవరూ బతిమాలలేదు. కాబట్టి తీర్పు చెప్పడానికి జిల్లాలో నాకంటే అర్హుడు దొరకడని సవినయంగా మనవి.

ఆన్‌లైన్ పక్షం వాదన గట్టిదే. ధర తక్కువ, రంగులు ఎక్కువ, నెలసరి వాయిదాలు, ఇంటి ముందుకే డబ్బా. అన్నింటికీ మించి కొనేటప్పుడు ఎవరూ మన పొట్ట వైపు చూడరు. షాపులో ఆ మర్యాద దక్కదు. "సార్‌కేనా, పిల్లలకా?" అని అడుగుతారు. అడిగి, జవాబు విని, కాసేపు ఏమీ అనకుండా ఉంటారు.

అయితే ఆన్‌లైన్ పేజీలో కింద ఎక్కడో ఒక మాట ఉంటుంది: సైకిల్ 85 శాతం బిగించి పంపబడును. మిగిలిన పదిహేను శాతం కొన్నవారి పని. ఈ లెక్క బరువు మీద కట్టారా, బోల్టుల మీద కట్టారా అన్నది ఏ ఆర్థికవేత్తా తేల్చలేదు. నేను పరిశీలించినంతలో ఆ పదిహేను శాతంలో ఉండేవి ఇవి: ముందు చక్రం, హ్యాండిల్, పెడళ్లు, సీటు, బ్రేకులు, గేర్ల సర్దుబాటు, గాలి. అంటే సైకిల్ కదలడానికి, మలగడానికి, ఆగడానికి పనికొచ్చేవన్నీ. మిగతా ఎనభై ఐదు శాతం రంగు.

మా వీధిలో ఉండే ఫిజిక్స్ లెక్చరర్ సారు ఈ పదిహేను శాతాన్ని సొంతంగా పూర్తిచేయడానికి పూనుకున్నారు. డబ్బా వచ్చిన తర్వాతి ఆదివారం వాకిట్లో చాప పరిచి, బోల్టులు తిప్పే అలెన్ కీలు చిన్నవి ముందు పెద్దవి వెనక పేర్చుకొని, ఫోన్‌ను పూలకుండీకి ఆనించి వీడియో పెట్టుకున్నారు. ఆయన సర్వీసంతా పిల్లలకు టార్క్, అంటే తిప్పే బలం, పాఠం చెప్పిన మనిషి. హ్యాండిల్ పట్టుకునే స్టెమ్ మీద 5 న్యూటన్ మీటర్లు అని అచ్చేసి ఉంది. తరగతిలో అదొక లెక్క. వాకిట్లో మాత్రం ఎక్కడ ఆపాలో చేతికి తెలియాలి. తరగతిలో చేతికి ఎప్పుడూ పరీక్ష పెట్టలేదు.

పెడళ్ల దగ్గర సంగతి ఇంకా ముదిరింది. సైకిల్ ఎడమ పెడల్‌కు మర ఎదురు ఉంటుంది. తొక్కుతుంటే తనంతట తాను ఊడి రాకుండా, ఏ కంపెనీ బండికైనా, పాల క్యాన్లు మోసే పాత బండికైనా అంతే. సారు రెండింటినీ కుడివైపుకే తిప్పారు. కాసేపు తిరిగి బిగుసుకుంది. బిగుసుకుంది కనుక సరిగ్గానే ఎక్కిందని ఆయన నిర్ధారణకొచ్చారు. ఇక ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కును డబ్బాలో పట్టడం కోసం వెనక్కి తిప్పి పెడతారు. సారు దాన్ని అట్లాగే ఉంచి చక్రం, హ్యాండిల్ ఎక్కించారు. బండి నిలబడింది. ముందు బ్రేకు మాత్రం రోడ్డు వైపు కాకుండా సారు మోకాళ్ల వైపు చూస్తోంది. వీధి వీధంతా వచ్చి చూసి బాగుందన్నాం. ఎదురింటి అత్తమ్మ నిమ్మకాయ తెచ్చి చక్రం కింద పెట్టింది. ఆ బండికి ఆ రోజు జరిగిన సరైన పని అదొక్కటే.

సోమవారం పొద్దున ఆ బండి, బజార్లో సైకిల్ మెకానిక్ చాచా షాపు ముందు తేలింది. ఊళ్లో ఆన్‌లైన్‌లో కొన్న ప్రతి సైకిల్ ఎప్పుడో ఒకప్పుడు అక్కడికే చేరుతుంది. ఆ షాపు రేకు బోర్డు మీద అట్లాస్ పేరు ఇంకా ఉంది. ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లో ఆ కంపెనీ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు మూతపడింది. ఆ సంగతి బోర్డుకు ఎవరూ చెప్పినట్టు లేదు.

చాచా బండి చుట్టూ ఒక్కసారి తిరిగాడు.

"ఎవరు బిగించిన్రు సార్ దీన్ని?"

"ఒక మెకానిక్కు," అన్నారు సారు, కరెంటు స్తంభం వైపు చూస్తూ.

"మళ్లా వాని దగ్గరికి పోకున్రి. ఫోర్కు ఉల్టా పెట్టిండు. పెడల్ మర తినిపిచ్చిండు. సదువుకోనోడు ఉన్నట్టుండు."

సారు ఏమీ అనలేదు. అనే పరిస్థితి కాదు.

ఆ తర్వాత చాచా వెనక చక్రం పక్కన గొంతుకూర్చొని, ఒక కన్ను మూసి, గేరు మార్చే డిరెయిలర్‌ను వెనక నుంచి చూశాడు. దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ అనే చిన్న అల్యూమినియం ముక్క దారిలో దెబ్బ తిని లోపలికి వంగింది. ఫ్రేము విరగకుండా ముందు తాను వంగడానికే దాన్ని మెత్తగా చేస్తారు. పాపం, దాని ధర్మం అది పాటించింది. అది వంగి ఉండగా పెద్ద పళ్ల గేరుకు పోతే చెయిన్ పుల్లల్లో పడుతుంది, సారు రోడ్డు మీద పడతారు. చాచా ఒక చేత్తో చక్రం పట్టి, ఇంకో చేత్తో పానా తగిలించి, ఊపిరి బిగబట్టి ఒక్క వేలు మందం బయటికి లాగాడు. మళ్లీ కన్ను మూసి చూశాడు. చిన్న స్క్రూలు రెండు అటు పావు, ఇటు పావు తిప్పాడు. పెడల్ తిప్పితే చెయిన్ మెట్లు దిగినట్టు ఒక్కో గేరూ దిగి, మళ్లీ ఎక్కింది. టార్క్ రెంచ్ లేదు, వీడియో లేదు.

"ఎంత చాచా?"

"మీ ఇష్టం సార్."

భారతదేశంలో ఇంతకంటే ఖరీదైన ధర లేదు. ఆన్‌లైన్ పక్షం వాళ్లు పొదుపు లెక్కలు వేసేటప్పుడు ఈ వరుసను ఎందుకు వదిలేస్తారో వారే చెప్పాలి.

ఇక్కడ లోకల్ పక్షం వాళ్లు మీసం మెలేయకండి. మీ సంగతీ ఉంది. హైదరాబాద్ రోడ్డులో అద్దాల షాపులో గేర్ల సైకిళ్లు బారులు తీరి ఉంటాయి. లావు టైర్లు, ముందు షాక్ అబ్జార్బర్లు, ప్లాస్టిక్ కవరు ఇంకా తీయని సీట్లు. హిమాలయాలు దిగడానికి సిద్ధంగా ఉన్న ఆ బండ్లన్నీ రామగిరి నుంచి ట్యూషన్‌కు వెళ్తాయి. రోడ్ బైక్ ఉందా అని అడిగి చూడండి. "అన్నీ రోడ్డు మీద పోయేటియే కద సార్" అంటారు. తర్కంలో తప్పు పట్టలేం. సన్న టైర్లదే కావాలని మొండికేస్తే, అడ్వాన్స్ కడితే హైదరాబాద్ నుంచి తెప్పిస్తామంటారు. ఏ సైజు అంటే, వచ్చిన సైజు.

సైజు విషయంలో రెండు పక్షాల సిద్ధాంతాలు పూర్తిగా వేరు. ఆన్‌లైన్‌లో పట్టిక ఉంటుంది. గోడకు ఆనుకొని, కాళ్ల మధ్య పుస్తకం పెట్టుకొని, నేల నుంచి కొలిచి, 52 ఫ్రేమా, 54 ఫ్రేమా తేల్చుకోవాలి. సరిగ్గా కొలిస్తే మంచి పద్ధతే. షాపులో మాత్రం "ఎక్కున్రి సార్, సీటు లేపుతే సరిపోతది" అంటారు. సీటు లేపినంత మాత్రాన ఫ్రేము పొడవు పెరగదని, హ్యాండిల్ అందక నడుము పట్టేస్తుందని వాళ్లకు తెలియక కాదు. కత్తెర తొక్కుడుతో ఇరవై నాలుగు సైజు బండి నేర్చుకున్న తరం అది. మనిషే బండికి సరిపోవాలి గానీ బండి మనిషికి సరిపోవడమేమిటని వాళ్ల గట్టి నమ్మకం.

మూడో జాతి ఒకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. వీళ్లు షాపుకు వెళ్తారు, బండి ఎక్కుతారు, గల్లీ చివరిదాకా తొక్కుతారు, సీటు లేపిస్తారు, దింపిస్తారు, షాపాయన తెప్పించిన చాయ్ తాగుతారు, ధర రాసి ఉన్న చీటీ ఫోటో తీసుకుంటారు. "ఇంట్ల అడిగి చెప్త అన్నా" అని వచ్చేస్తారు. ఇంట్లో అడగరు, ఫోన్‌ను అడుగుతారు. షాపుల వాళ్లకు నా సలహా ఒకటే: హైదరాబాద్ నుమాయిష్‌లో పెట్టినట్టు గేటు దగ్గర టికెట్ పెట్టండి. సీటు ఎక్కితే ఇంత, బెల్లు కొడితే ఇంత. చాయ్ ఉచితం, మన సంస్కృతి పోగొట్టుకోవద్దు.

2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. ఆ ఏడు శాతం ఏమైందని ఒక షాపులో అడిగితే పాత స్టాకు అన్నారు. ఆన్‌లైన్‌లో ఎవరిని అడగాలో తెలియలేదు. ఈ విషయంలో రెండు పక్షాలూ సమానమే.

వారంటీ దగ్గరికి వద్దాం. పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో పొద్దంతా ఒక స్తంభం నీడ గర్భగుడిలో కదలకుండా ఉంటుంది. ఏ స్తంభం నీడో చూసినవాడు తేల్చలేడు. ఆన్‌లైన్ వారంటీ కూడా ఆ కోవలోదే. నీడ స్పష్టంగా కనిపిస్తుంది, స్తంభం ఎక్కడుందో తెలియదు. హ్యాంగర్ వంగి వచ్చిందని సారు ఫోటోలతో సహా ఫిర్యాదు పెట్టారు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. చెప్పారు. 48 గంటలు కూడా పట్టలేదు, నిమిషంలో చెప్పారు, అందిందని. ఆ తర్వాత అందిందనే సమాచారం ఇంకో రెండు భాషల్లో కూడా అందింది. 2019 వినియోగదారుల చట్టం మాత్రం మంచిది. అమ్మినవాడు ఎక్కడున్నా మనం ఉన్న ఊళ్లోనే కేసు వేయవచ్చు. నల్లగొండలోనే వినియోగదారుల కమిషన్ ఉంది, ఇంటి నుంచి సైకిల్ మీద వెళ్లి రావచ్చు. సైకిల్ నడిస్తే.

షాపు వారంటీకి కాగితం ఉండదు, మనిషి ఉంటాడు. నిలదీయవచ్చు. "అది కంపెనీ వాళ్లు చూస్తరు సార్" అని అతనూ అంటాడు గానీ, అనేటప్పుడు కొంచెం సిగ్గుపడతాడు. వెబ్‌సైటుకు ఆ గుణం లేదు.

సైకిల్ వచ్చాక సారు పెద్ద ప్రణాళికే వేశారు. బ్రెవే అని దూరపు సవారీలు ఉంటాయి. మొదటి మెట్టు 200 కిలోమీటర్లు, గడువు 13 గంటల 30 నిమిషాలు. నల్లగొండ నుంచి హైదరాబాద్ పోయి వస్తే లెక్క దాదాపు సరిపోతుంది. హైదరాబాద్ అవుటర్ రింగు రోడ్డు పక్కన 2023లో సోలార్ పలకల కప్పు వేసి 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు కూడా. కానీ ఆ కప్పు కిందికి చేరాలంటే ముందు మన జిల్లా దాటాలి. కోతల కాలంలో మన రోడ్డు సగం రోడ్లు భవనాల శాఖది, సగం వడ్లది. ఆరబోసిన వడ్ల పక్కన రాళ్లు వరసగా పేర్చి ఉంటాయి. 25 మిల్లీమీటర్ల టైరుతో వడ్ల మీదికి పోతే బండి జారుతుంది, పోకపోతే లారీ హారన్ వినిపిస్తుంది. రెండింటి మధ్య మిగిలిన జానెడు జాగాలో పల్లేరుకాయలు ఉంటాయి. కేవలం ఉండవు, ఎదురుచూస్తుంటాయి.

మొదటి పంచర్ పానగల్ దాటకముందే అయింది. అసలు చర్చ ఇక్కడే తేలిపోయిందని నా అభిప్రాయం. రోడ్ బైక్ ట్యూబుకు గాలి కొట్టే చోట ప్రెస్టా అనే రకం వాల్వు ఉంటుంది. సన్నగా, కొనకు చిన్న నట్టుతో. ఆ నట్టు వదులు చేస్తే గానీ గాలి లోపలికి పోదు. మన ఊరి పంపు దానికి పట్టదు. టైరులో గాలి ఒత్తిడి 80 నుంచి 100 పీఎస్ఐ ఉండాలి. ఇంకో తమాషా, పాత ఇరవై ఎనిమిది సైజు టైరూ, ఇదీ ఒకటేలా కనిపిస్తాయి. కానీ ఆ రిమ్ము అడ్డకొలత 635 మిల్లీమీటర్లు, దీనిది 622. పదమూడు మిల్లీమీటర్ల తేడా. ఎంత లాగినా, ఎంత సబ్బునీళ్లు పూసినా కలవదు. చాచా ఒక పూటంతా ప్రయత్నించి, కొలిచి, ఆ అంకెలు గోడ మీద సుద్దతో రాసుకున్నాడు. పంచర్ అతికించాడు, స్కూటర్లకు గాలి కొట్టే కంప్రెషర్‌కు ఎక్కడి నుంచో ఇత్తడి అడాప్టర్ ఒకటి సంపాదించి బిగించాడు.

కాబట్టి కంపెనీలకు నా సిఫారసు ఇది: డబ్బా మీద 85 శాతం అని రాసిన చోటే, మిగిలిన పదిహేను శాతం ఎవరు చేస్తారో కూడా రాయండి. ఆ పదిహేను శాతానికి తగ్గ సొమ్ము ధరలోంచి తీసి చాచాకు పంపండి. పంపరని తెలుసు. సిఫారసు చేయడం నా వంతు, చెత్తబుట్ట మీ వంతు.

ఈ మధ్య సారును చూసి పట్టణంలో ఇంకొందరు సన్న టైర్ల బండ్లు తెప్పించారు. అన్నీ ఆన్‌లైన్‌లోనే. అన్నీ చాచా దగ్గరికే వస్తున్నాయి. మొన్న వెళ్లేసరికి చాచా తన కొడుకు ఫోన్ పట్టుకొని గల్లా మీద వంగి కూర్చున్నాడు. ఏందని అడిగితే, సారు వాళ్ల కోసం ఆ సన్న టైర్లకు పట్టే 700 సైజు ట్యూబులు డజను తెప్పిస్తున్నాడట. ఎక్కడి నుంచి అంటే, "ఆన్‌లైన్ల సార్, ఇంకేడ దొరుకుతయ్?" ఒక్కో ట్యూబు మీద యాభై వేసుకొని అమ్ముతాడట. లెక్చరర్ సారు అప్పటికే రెండింటికి డబ్బులు ఇచ్చి, బేరమాడకుండా, బల్ల మీద కూర్చొని డెలివరీ అబ్బాయి కోసం చూస్తున్నారు.