సెగోవియాకి 28 నిమిషాలట!

ఈస్టర్ సెలవులు దగ్గర పడ్డాయంటే చాలు, నా ఫోన్‌లో ఆ మెసేజ్ ప్రత్యక్షమవుతుంది. ఈ వారంలోనే ఐదుగురు పంపారు. ఇద్దరు హైదరాబాద్ నుంచి, ఒకడు జర్మనీ నుంచి, ఒకరు మా బావ. ఐదో ఆయన మాడ్రిడ్‌లోనే, మా వెనక వీధిలోనే ఉంటాడు! తెలియక పంపినవాళ్లని ఏమీ అనలేను. ఈయనకేమైంది?

చూడనివాళ్ల కోసం మెసేజ్‌లో ఉన్నది ఇదీ: స్పెయిన్‌లో ఒక్కరోజులో వెళ్లి రావాలంటే బస్సు జోలికి పోవద్దు. మాడ్రిడ్ నుంచి ట్రైన్ 28 నిమిషాల్లో సెగోవియా అనే ఊళ్లో దింపుతుంది, బస్సుకి గంటంపావు. అన్ని ఊళ్లకీ ట్రైన్ ఉంది. బుకింగ్ అక్కర్లేదు, స్టేషన్‌కెళ్లి ఎక్కేయడమే. బస్సులు సేఫ్ కావు, లోపల తిననివ్వరు, టాయిలెట్ ఉండదు. చివర్లో మామూలే, పదిమందికి పంపండి.

చిన్నవి ముందు తేల్చేద్దాం.

బస్సులు సేఫ్ కావట. ఏ బస్సు, ఏ రోడ్డు, ఎప్పుడు జరిగింది? ఏమీ లేదు. సీటు బెల్టు ఉంటుంది, పెట్టుకోండి. అంతే.

తిననివ్వరట. గంట ప్రయాణానికి ఏం తింటారండీ? పులిహోర డబ్బా దిగాక తెరవండి. నిజానికి సెగోవియాలో ఆ డబ్బా అవసరం పడుతుంది కూడా. పాలు తాగే పందిపిల్లని పొయ్యిలో కాల్చి, ఎంత మెత్తగా ఉందో చూపించడానికి పళ్లెం అంచుతో కోసి పెట్టడం ఆ ఊరి ప్రత్యేకత. వచ్చే వారం మా అత్తయ్య వస్తోంది. ఈ సంగతి ఆవిడకి ఇంకా చెప్పలేదు.

అన్ని ఊళ్లకీ ట్రైన్ ఉందట. సముద్రం ఒడ్డున నెర్హాకి చూపించండి. అంత పేరున్న మార్బెయాకి చూపించండి. మాడ్రిడ్ పక్కనే ఉన్న చిన్చోన్‌కి చూపించండి. మూడింటికీ బస్సే గతి. కుయెంకాకి ఊళ్లోకి వెళ్లే పాత నెమ్మది రైలు ఒకటుండేది. దాన్ని 2022లో ఆపేశారు. ఇప్పుడు మిగిలిన ఫాస్ట్ ట్రైన్ స్టేషన్ ఊరి బయట ఎక్కడో ఉంటుంది.

బుకింగ్ అక్కర్లేదన్న మాట మాత్రం నవ్వి వదిలేసేది కాదు. నిరుడు జర్మనీ మిత్రుడు దీన్నే నమ్ముకుని వచ్చాడు. అక్కడ నెల టికెట్ జేబులో పెట్టుకుని కనపడిన లోకల్ ఎక్కేయడం అలవాటు కదా. ఇక్కడ మాడ్రిడ్ దగ్గరున్న టొలెడో ఊరికి వెళ్లే రైలుకి సీటు నంబరుతో సహా టికెట్ తీసుకోవాలి. సీట్లు నిండిపోతే నిలబడి వెళ్లే పద్ధతి లేదు. యూరప్ అంతా తిరిగే రైలు పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్ విడిగా చేయించుకోవాలి. శనివారం పొద్దున భార్యనీ పిల్లల్నీ వెంటబెట్టుకుని అటోచా స్టేషన్‌కి వెళితే, మధ్యాహ్నం దాటేదాకా నాలుగు సీట్లు కలిసి దొరకలేదు. చివరికి మాడ్రిడ్‌లోనే ఇంకో చోటు, ప్లాజా ఎలిప్టికా నుంచి వెళ్లారు. దేంట్లో? బస్సులో.

ఇక అసలు విషయం, ఆ 28 నిమిషాలు. అంకె అబద్ధం కాదు, అందుకే నాకు ఇంకా మండుతుంది. మాడ్రిడ్‌లోని చమార్తీన్ స్టేషన్‌లో కదిలిన రైలు గ్వాదర్రామా కొండల కింద 28 కిలోమీటర్ల సొరంగం దూరి, నిజంగానే అరగంటలోపు ఆగుతుంది. ఎక్కడ ఆగుతుందో మెసేజ్ రాసిన మహానుభావుడు చెప్పలేదు.

సెగోవియా-గియోమార్ అనే స్టేషన్‌లో ఆగుతుంది. దిగి చుట్టూ చూడండి. పొలాలు, గాలి, కార్ పార్కింగ్. మీరు చూడటానికొచ్చిన రెండు వేల ఏళ్ల నాటి రోమన్ కాలువ వంతెన ఏదీ? సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన ఆ కట్టడం ఏదీ? అది నాలుగైదు కిలోమీటర్ల అవతల ఉంది. రేణిగుంటలో దిగి "తిరుపతి వచ్చేశాం" అని ఇంటికి ఫోన్ చేసినట్టుంటుంది వ్యవహారం. గియోమార్ అంటే కవి ఆంతోనియో మచాదో తన కవితల్లో ప్రేయసికి పెట్టుకున్న పేరు. ఆయన ఆ ఊళ్లో ఏళ్ల తరబడి ఫ్రెంచి పాఠాలు చెప్పాడు. ఆవిడేమో వేరొకరి భార్య, ఆయనకి ఎప్పుడూ అందలేదు. ఊరికి అందని స్టేషన్‌కి ఆ పేరు పెట్టినవాళ్లకి మంచి హాస్యమే ఉంది.

సరే, లెక్క వేద్దాం. ఇద్దరు మనుషులు మాడ్రిడ్ నడిబొడ్డున సోల్ దగ్గర హోటల్ నుంచి బయల్దేరారనుకోండి. మొదటివాడు ట్రైన్‌కి వెళ్తాడు. చమార్తీన్ చేరడానికి పాతిక నిమిషాలు. అక్కడ బ్యాగులు స్కానర్‌లో పెట్టాలి, రైలు కదలక ముందే గేటు మూసేస్తారు, కాబట్టి ఇంకో ఇరవై నిమిషాలు ముందుండాలి. రైలు 28. దిగాక 11వ నంబరు సిటీ బస్సు కోసం ఎదురుచూపు, అందులో ప్రయాణం, అన్నీ కలిపి అరగంట. అవునండీ, బస్సే! బస్సు ఎక్కకూడదని ట్రైన్ ఎక్కి, దిగి బస్సెక్కుతారు. మొత్తం గంటా నలభై మూడు.

ఇప్పుడు బస్సుకి వెళ్లే రెండో మనిషి. సోల్‌లో మెట్రో మూడో లైను ఎక్కి, మారకుండా మోంక్లోవాలో దిగాడు, పావుగంట. బస్సులు అక్కడే మెట్రో పైన ఉంటాయి, పది నిమిషాల ఎదురుచూపు వేసుకోండి. బస్సు గంటంపావు. సెగోవియా బస్టాండ్ నుంచి వంతెన దాకా నడక పది నిమిషాలు. గంటా యాభై. తేడా ఏడు నిమిషాలు. ఈ ఏడు నిమిషాలు కొనుక్కోవడానికి ట్రైన్ టికెట్‌కి బస్సు కంటే బాగా ఎక్కువే పెట్టాలి. 11వ నంబరు ఒక్కటి తప్పిపోతే ఆ ఏడు నిమిషాలూ ఆ పొలాల్లోనే పోతాయి. ఎండాకాలంలో నేను ఒకసారి పోగొట్టుకున్నాను.

అన్నట్టు నేను రైళ్లకి శత్రువునేం కాదు. 1992లో వేసిన మాడ్రిడ్-సెవియా లైను మీద సెవియా నుంచి కోర్డోబాకి ముప్పావుగంటలో వెళ్లొచ్చు, స్టేషన్ ఊళ్లోనే. బార్సిలోనా నుంచి జిరోనాకి 38 నిమిషాలు, దిగి పాత ఊళ్లోకి నడిచిపోవచ్చు. అక్కడ బస్సు గురించి ఆలోచించేవాడు అమాయకుడు. టొలెడోకి కూడా, టికెట్ ముందే తీసుకుంటే, ట్రైనే బాగుంటుంది. ఆ 1919 నాటి స్టేషన్‌ని చూడటానికైనా వెళ్లొచ్చు. టర్రగోనా దగ్గర మాత్రం మళ్లీ గియోమార్ కథే. ఫాస్ట్ ట్రైన్ ఊరికి పది కిలోమీటర్ల దూరంలో దింపుతుంది, టికెట్ తక్కువున్న నెమ్మది రైలు సముద్రం పక్కన ఊళ్లోనే దింపుతుంది. 28 నిమిషాలు, 38 నిమిషాలు అని అంకెలు ఏరుకునేవాళ్లు టికెట్ మీద స్టేషన్ పేరు కూడా ఒకసారి చదువుకోవచ్చు కదా? చదవరు. పదిమందికి పంపే పనిలో ఉంటారు.

మిగిలింది టాయిలెట్. దీన్ని కూడా చీల్చి చెండాడదామనే కూర్చున్నాను. కానీ కుదరదు. ఆరేళ్లుగా తిరుగుతున్నాను, నేనెక్కిన సెగోవియా బస్సుల్లో ఒక్కదాంట్లోనూ టాయిలెట్ కనపడలేదు. నాకు గంటంపావు పెద్ద విషయం కాదు. షుగర్ ఉన్న పెద్దవాళ్లకి అది చాలా పెద్ద విషయం. ఆదివారం సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు మాడ్రిడ్ శివార్లలో ట్రాఫిక్ ఆగిపోతే ఆ గంటంపావు రెండు గంటలవుతుంది. ఈ ఒక్క ముక్క దగ్గర మెసేజ్ రాసినాయనకి దణ్ణం పెడుతున్నాను. దీన్ని మొదట రాసి, మిగతాది రాయకుండా ఉంటే ఎంత బాగుండేది!

బావా, ఇది చదువుతావని తెలుసు. శనివారానికి నీకూ నాకూ మోంక్లోవా నుంచి బస్సు టికెట్లు తీశాను. అత్తయ్యకీ, తోడుగా మా ఆవిడకీ ట్రైన్‌లో రిజర్వ్ చేశాను. గియోమార్‌లో దిగి వాళ్లు 11వ నంబరు ఎక్కుతారు, మనం వంతెన కింద కలుద్దాం. ఎవరు ముందొస్తారో చూద్దాం. పులిహోర మాత్రం మన బస్సులోనే వస్తుంది.