ఏ వీడియోలో చూశావమ్మా?

మా ఫ్లాట్ గుమ్మం ముందు ముగ్గు వేయడానికి నాకు దొరికేది మహా అయితే మూడడుగుల చోటు. టైల్స్ మీద పిండి నిలవదు కాబట్టి సుద్దముక్కతోనే, పాలు కాగేలోపు ఏవో నాలుగు గీతలు. ధనుర్మాసంలో మాత్రం కాస్త తీరిక చేసుకుని 15 చుక్కలు పెట్టి, రెండు చుక్కల మధ్య సందులో ఒకటి చొప్పున సందుచుక్క 8 వరకు దింపి, మెలికలు నా ఇష్టమొచ్చినట్టు తిప్పుతాను, ఒక్కోసారి చివరి మెలిక ఎటూ కలవక చెరిపేసి మళ్ళీ మొదలుపెడతాను, రోజు మొత్తంలో నావి అనేవి ఆ పది నిమిషాలే. ఎదురింటావిడ తలుపు తీయగానే అదే ప్రశ్న, "ఏ వీడియోలో చూశావమ్మా?" ఎందులోనూ చూడలేదు పిన్నిగారూ, నా బుర్రలోంచే వచ్చింది అంటే నమ్మదు. మా మరిది ఇంకో రకం. "వదినా, రీల్ చేసి పెట్టు, డబ్బులొస్తాయి." ఎందుకు రావాలి? నువ్వు బాత్రూంలో పాడతావు కదా, దానికి టికెట్ పెట్టావా? పోయినసారి కక్కుర్తిపడి ఒక ఫొటో పెడితే, ఎడమవైపు వంకర పోయిందని ఎవరో కింద రాశారు. పోయిందయ్యా, పాలు పొంగుతుంటే లోపలికి పరిగెత్తాను, అందుకే పోయింది! పదింటికి ఎలాగూ దాని మీద తడిగుడ్డ పడుతుంది.