హార్డెనర్‌ను ఫ్రిజ్‌లో దాస్తే ఏమీ కాదా?

ఫైబర్ బోట్లు, ట్యాంకులు చేసే షెడ్లలో, రెసిన్ (ఫైబర్‌ను పట్టి ఉంచే జిగురు ద్రవం) గట్టిపడేందుకు కలిపే హార్డెనర్ గురించి ఒక సలహా చేతులు మారుతోంది: "హార్డెనర్‌కి మూత గట్టిగా బిగించి ఇంటి ఫ్రిజ్‌లో పెట్టండి, ఏళ్ల తరబడి ఏమీ కాదు. ఎక్కువ కొని పెద్ద డ్రమ్ములో పోసుకుంటే చవక. చిక్కగా ఉంటే అసిటోన్ కొట్టండి. కోబాల్ట్ కూడా ముందే అందులో కలిపేస్తే పని తేలిక." ఇందులో ఒక్క మాటా పూర్తిగా నిలవదు. ఆఖరి మాట ప్రాణాలకే ముప్పు కాబట్టి ముందు దాని సంగతి.

హార్డెనర్ అంటే మిథైల్ ఇథైల్ కీటోన్ పెరాక్సైడ్. దాన్ని విడగొట్టి, రెసిన్ త్వరగా గట్టిపడేలా చేయడమే కోబాల్ట్ ద్రావణం పని. కేజీ రెసిన్‌కి 10 నుంచి 20 గ్రాముల హార్డెనర్ పడితే, పుట్టే వేడిని రెసిన్ తట్టుకుంటుంది. హార్డెనర్, కోబాల్ట్ నేరుగా కలిస్తే వేడికి దారి ఉండదు. చూస్తుండగానే భగ్గుమంటుంది, పేలుతుంది కూడా. కోబాల్ట్‌ను రెసిన్‌లో బాగా కలిపాకే హార్డెనర్ పోయాలి. కొలిచే గ్లాసులు, కలిపే పుల్లలు, దాచే అరలు రెండింటికీ వేరుగా ఉండాలి.

అసిటోన్ సంగతీ అంతే. హార్డెనర్ దుకాణంలో దొరికేటప్పటికే డైమిథైల్ థాలేట్ లాంటి బరువైన ద్రవంలో పలచన చేసి ఉంటుంది. వేడిని కొంత పీల్చుకుని పెరాక్సైడ్‌ను అదుపులో ఉంచేది ఆ ద్రవమే. ఇట్టే ఆవిరై, ఇట్టే అంటుకునే అసిటోన్ ఆ పని చేయలేదు, పైగా ఉన్న నిలకడను చెడగొడుతుంది.

"చల్లగా ఉంటే చాలు" అన్నది సగం నిజం, అందుకే ఎక్కువమంది నమ్ముతున్నారు. పెరాక్సైడ్ మామూలు వేడిలోనూ కొద్దికొద్దిగా విడిపోతూ వేడిని, వాయువును పుట్టిస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆ వేగం సుమారు రెట్టింపో, ఇంకా ఎక్కువో అవుతుంది. డబ్బా గోడల గుండా బయటికి పోయే వేడి మాత్రం అంత జోరుగా పెరగదు. ఒక హద్దు దాటాక లోపలి వేడిదే పైచేయి. ఇక మంచు పెట్టినా చాలా సార్లు ఆలస్యమే. సాధారణ హార్డెనర్‌కి చిన్న ప్యాకింగ్‌లో ఆ హద్దు 60 డిగ్రీల దగ్గర ఉంటుంది. డబ్బా పెద్దదైతే సరుకుతో పోలిస్తే గోడల వైశాల్యం తగ్గి, హద్దు ఇంకా కిందికి దిగుతుంది. "పెద్ద డ్రమ్ము చవక" అన్నవాళ్లు మరిచింది ఇదే. మే నెలలో రేకుల షెడ్డు లోపల, ఎండలో ఆపిన వ్యాను డిక్కీలో ఎంత వేడి ఉంటుందో మనకు తెలియనిది కాదు.

మూత గట్టిగా బిగిస్తే లోపలి వాయువుకు దారి మూసినట్టే. అసలు సీసా మూతకు గాలి పోయే ఏర్పాటు ఉంటుంది. దాన్ని మార్చకూడదు, సీసాను పడుకోబెట్టకూడదు. ఇంటి ఫ్రిజ్‌లో తిండితో పాటు థర్మోస్టాట్ స్పార్కు కూడా ఉంటుంది, కాబట్టి హార్డెనర్‌కి అది చోటు కాదు.

చలి అన్ని పెరాక్సైడ్లకూ మేలు చేయదు. టెర్ట్-బ్యుటైల్ పెరాక్సీబెంజోయేట్ దాదాపు 8 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది కాబట్టి 10కి పైనే ఉంచాలి. తడి బెంజాయిల్ పెరాక్సైడ్ విషయంలో చలి కంటే అందులోని నీరే రక్షణ. ఎండిన పొడి రాపిడికి, దెబ్బకు అంటుకుంటుంది. చల్లదనం తప్పనిసరైన రకాలకు కరెంటు పోతే ఏమవుతుందో 2017 ఆగస్టులో టెక్సస్‌లోని క్రాస్బీ చూపించింది. హార్వే తుఫాను వరదకు అర్కెమా అనే రసాయనాల కంపెనీ ఫ్యాక్టరీలో కరెంటు, జనరేటర్లు పోయాయి. పెరాక్సైడ్లను రిఫ్రిజిరేటెడ్ ట్రైలర్లలోకి మార్చినా అవి చల్లదనం కోల్పోయి తగలబడ్డాయి. చుట్టూ 1.5 మైళ్ల మేర జనాన్ని ఖాళీ చేయించాల్సి వచ్చింది.

మరి హార్డెనర్‌ను ఎలా ఉంచాలి? లేబుల్ మీద ఉన్న హద్దు లోపల, మామూలుగా 25–30 డిగ్రీల కంటే తక్కువలో, నీడగా గాలాడే చోట, అసలు ప్లాస్టిక్ సీసాలోనే. ఇనుప, రాగి, ఇత్తడి పాత్రలు వద్దు. తుప్పు రేణువు కూడా విడిపోవడాన్ని రెచ్చగొడుతుంది. తయారీ తేదీ చూసి నెలకు సరిపడానే కొనండి. గ్లాసులో మిగిలింది తిరిగి సీసాలో పోయొద్దు. ఒలికితే రంపపు పొట్టు, గుడ్డ పీలికలు వాడొద్దు, అవి వాటంతటవే అంటుకోవచ్చు. తడిపిన వెర్మిక్యులైట్ (మంటకు అంటుకోని తేలికపాటి ఖనిజం) చల్లి ఎత్తండి. కళ్లద్దాలు లేకుండా సీసా తెరవొద్దు. కంట్లో పడితే అదే నిమిషంలో నీళ్లు కొట్టడం మొదలుపెట్టి కనీసం 15 నిమిషాలు ఆపకుండా కడిగి, వెంటనే కంటి ఆసుపత్రికి తీసుకెళ్లండి.