సవరణ: గ్రేహౌండ్‌కు టీ4 తక్కువుంటే థైరాయిడ్ జబ్బేనా?

రేసులు మానిన గ్రేహౌండ్ కుక్కకు తొడల వెనక వెంట్రుకలు రాలి, రక్తంలో టీ4 (థైరాయిడ్ గ్రంథి వదిలే హార్మోన్, అదే థైరాక్సిన్) తక్కువ వస్తే థైరాక్సిన్ మాత్రలు మొదలుపెట్టాలని ఇంతకుముందు రాశాం. అది తప్పు. ఈ జాతికి టీ4 సహజంగానే తక్కువ. ల్యాబ్ కాగితం మీది హద్దులు మిగతా కుక్కలవి. తొడలు బోడిగా ఉండటమూ వీటిలో మామూలే. ఫ్రీ టీ4 (రక్తంలో ప్రోటీన్లకు అంటుకోకుండా ఉన్న టీ4), టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్) పరీక్షలు కూడా చేయించండి; అవి రెండూ సరిగా ఉంటే మాత్రల జోలికి పోనక్కర్లేదు. అనవసరంగా వేస్తే గుండె వేగం, దాహం పెరుగుతాయి, ఒళ్లు తగ్గుతుంది. ఇప్పటికే వేస్తున్నవారు సొంతంగా ఆపకుండా పశువైద్యుణ్ని అడగండి.

పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) సంగతీ అంతే. వీటికి 50 నుంచి 65 శాతం సహజం. 40 వస్తే, కాగితం మీద 'నార్మల్' అని ఉన్నా, రక్తహీనతేమో చూడాలి. క్రియాటినిన్ (కండల నుంచి వచ్చే వ్యర్థం, కిడ్నీలు బయటికి పంపుతాయి) కాస్త ఎక్కువుండటం కిడ్నీ జబ్బు కానక్కర్లేదు (కండ ఎక్కువ కదా).