యాంటిలోప్ వేటకి బెనిఫిట్ షో అవసరమా?

వేట ట్యాగ్‌ల, అంటే పర్మిట్ల, లాటరీ డ్రా రిజల్ట్స్ వచ్చిన పది నిమిషాలకే ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, వయోమింగ్ యాంటిలోప్ ట్యాగ్ తగిలింది! ఓపెనింగ్ డేకి లీవ్ కూడా పెట్టేశా."

"కంగ్రాట్స్ రా. లీవ్ ఎందుకు అప్పుడే పెట్టావ్?"

"అదేంటన్నా, మొదటి రోజు పోకపోతే మనకేం మిగులుతాయి?"

డెన్వర్‌కి వచ్చి వేట మొదలుపెట్టినప్పటి నుంచి ఈ మాట ఏటా ఎవరో ఒకరి నోట వింటూనే ఉన్నా. మనవాళ్ళకి ఇది రక్తంలోనే ఉంది. సినిమా అంటే బెనిఫిట్ షో చూడాలి, సంక్రాంతి అంటే భోగి ముందు రోజు రాత్రి బస్సే ఎక్కాలి. సినిమా రెండో వారంలో చూస్తే కథ మారిపోదు గదా అంటే ఎవడూ వినడు. కానీ పబ్లిక్ ల్యాండ్, అంటే ప్రభుత్వ భూమి మీద యాంటిలోప్ విషయంలో రెండో వారానికి నిజంగానే కథ మారిపోతుంది, అదీ మనకి అనుకూలంగా. ఫోన్లో ఇదంతా చెప్తే వాడు వినలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. యాంటిలోప్ అని అందరం పిలుస్తాం గానీ దీని అసలు పేరు ప్రాంగ్‌హార్న్. మన కృష్ణజింకకి గానీ ఆఫ్రికా యాంటిలోప్‌లకి గానీ దగ్గర చుట్టం కాదు. ఆ కుటుంబం మొత్తంలో ఈ రోజుకి బతికి ఉన్న జాతి ఇదొక్కటే. గంటకి 90 కిలోమీటర్ల దాకా పరిగెడుతుంది, మైలు అవతల కారు తలుపు తీసినా చూసేస్తుంది. ఇన్ని తెలివితేటలున్న జంతువు కంచె కనిపిస్తే మాత్రం దూకదు, కింద నుంచి పాకుతుంది. ఎందుకో దానికే తెలియాలి.

ఇక నా మొదటి సీజన్ సంగతి. తెల్లవారుజామున రెండింటికి ఇంట్లో బయల్దేరి, లారమీ దాటి, మెడిసిన్ బో దగ్గర 487 రోడ్డెక్కి షర్లీ బేసిన్ వైపు పోయాను. ఆ దారిలో పగలంతా నిలబడ్డా వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని బండ్లే పోతాయి. వయోమింగ్ రాష్ట్రం మొత్తం కలిపి ఆరు లక్షల మంది కూడా లేరు. అలాంటిచోట ఆ రోజు తిరునాళ్ళే. మట్టిరోడ్డు మలుపు దగ్గర నిలబడి లెక్కపెడితే పదిహేడు ట్రక్కుల హెడ్‌లైట్లు! సూర్యోదయానికి అరగంట ముందు నుంచి కాల్చొచ్చని రూలు. సరిగ్గా ఆ నిమిషానికి దీపావళి మొదలైంది. ఏడున్నరకల్లా కళ్ళ ముందున్న మందలన్నీ తెల్లటి పిర్రలు విప్పుకుని తీగల కింద నుంచి పాకి ఒక ర్యాంచ్, అంటే ప్రైవేటు పశువుల ఫారం, పచ్చగడ్డిలోకి పోయి నిలబడ్డాయి. ఇటు కంచె పక్కన మేమందరం ఆరెంజ్ చొక్కాలు వేసుకుని బైనాక్యులర్స్‌లో చూస్తున్నాం. పెళ్ళిలో మన వరస వచ్చేసరికి బిర్యానీ అయిపోయినట్టుంది పరిస్థితి.

అయినా ఆ రోజు నాకు బక్, అంటే మగది, దొరికింది. పదింటికి, ఎవరో తరిమితే మా వైపు పరిగెత్తుకొచ్చి ఆయాసంతో ఆగింది. దొరికింది కాబట్టే బుద్ధి రావడానికి ఇంకో ఏడాది పట్టింది. ఎండ 27 డిగ్రీలు. నా దగ్గర ఐస్ లేదు. ఫోటోలు తీసుకున్నా, ఇంటికి ఫోన్ చేసి గొప్పలు చెప్పుకున్నా, మైలు దూరం లాగా, తోలు తియ్యకుండానే ట్రక్కు వెనక టార్పాలిన్ కప్పేశా. యాంటిలోప్ వెంట్రుక లోపల బోలుగా ఉంటుంది, పట్టుకుంటే పిడికెడు ఊడొస్తుంది. మైనస్ ముప్పైలో దాన్ని బతికించే కోటు అది. చచ్చాక కూడా వేడిని బయటికి పోనివ్వదు. మాంసం కోసిచ్చే షాపు ముందు నాలాంటి ఓపెనింగ్ డే వీరులు క్యూ కట్టి ఉన్నారు, నా వంతు వచ్చేసరికి మూడు గంటలు. కత్తి పెట్టగానే అతను ముక్కు పక్కకి తిప్పుకున్నాడు. తొడల లోపలి మాంసం పోయింది. మిగిలింది ఇంటికి తెచ్చి కూర చేస్తే మా ఆవిడ ఒక్క ముద్ద తిని ప్లేటు పక్కన పెట్టి, "దీనికోసమా అంత దూరం పోయావు?" అంది. యాంటిలోప్ అంటే సేజ్‌బ్రష్ (అవి మేసే ఘాటైన పొద) కంపు అనేవాళ్ళలో సగానికి పైగా ఇలా ఎండలో ఉడికించి తెచ్చుకున్నవాళ్ళేనని నా గట్టి అనుమానం. ఆలస్యం అమృతం విషం అంటారు. సెప్టెంబర్ ఎండలో తొందరే విషం.

సీజన్ తేదీలు హంట్ ఏరియాని బట్టి మారతాయి. నేను పోయే వైపు రైఫిల్ సీజన్ సెప్టెంబర్‌లో మొదలై అక్టోబర్ నెలాఖరు దాకా ఉంటుంది. అంటే నెలకి పైగా టైముంది. ఇంత టైమిస్తే జనమంతా మొదటి శని, ఆదివారాలకే ఎగబడటం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇప్పుడు అసలు పాయింటు. నేను రూల్ బుక్‌లో ఓపెనింగ్ తేదీ కన్నా వెదర్ యాప్‌లో ఫ్రాస్ట్ ఎప్పుడు పడుతుందా అని ఎక్కువ చూస్తా. కారణం తిండి. సెప్టెంబర్‌లో బేసిన్ అంతా ఎండి గోధుమరంగులో ఉంటుంది. పచ్చగా ఉండేది ఒక్కటే, ర్యాంచ్‌వాళ్ళు నీళ్ళు పెట్టి పెంచే అల్ఫాల్ఫా అనే పశుగ్రాసం. అది ప్రైవేటు. నీళ్ళు కూడా ఎక్కువగా వాళ్ళ కుంటల్లోనే ఉంటాయి. అంటే పబ్లిక్ ల్యాండ్ మీద వేటాడేవాడికి సెప్టెంబర్‌లో తిండి, నీళ్ళు రెండూ కంచె అవతలే. మైనస్ నాలుగో ఐదో పడే రాత్రులు రెండు మూడు వరసగా వస్తే అల్ఫాల్ఫా వాడిపోతుంది. అప్పుడు ఇవి తమ పాత తిండికి, అంటే సేజ్‌బ్రష్‌కి తిరుగుతాయి. చలికాలమంతా వాటిని బతికించేది ఆ చేదు ఆకే. ఆ సేజ్‌బ్రష్ ఎక్కడుందీ? ఎవరూ నీళ్ళు పెట్టని, దున్నని నేలలో. అందులో చాలా భాగం బీఎల్ఎం భూమి, అంటే ఫెడరల్ ప్రభుత్వానిది, మనలాంటివాళ్ళు నడవగలిగేది. వయోమింగ్‌లో అది 1.8 కోట్ల ఎకరాల దాకా ఉంది.

ఓపెనింగ్ రోజు కంచె అవతల నుంచి మనల్ని వెక్కిరించిన మందలే పది, పదిహేను రోజుల తర్వాత తమంతట తామే ఇటు వస్తాయి. వీటి వెంట పడక్కర్లేదు, తిండి మారేదాకా ఆగితే చాలు. ఈలోగా అక్టోబర్ మొదట్లో చాలాచోట్ల డీర్, ఎల్క్ (ఇక్కడి పెద్ద జింక) సీజన్లు తెరుస్తారు. పదిహేడు ట్రక్కులూ కొండలెక్కేస్తాయి. బేసిన్‌లో మిగిలేది మనం, గాలి, యాంటిలోప్‌లు.

దీనికి ఎదురు చెప్పేవాళ్ళ మాటలోనూ నిజం ఉంది, కాదనను. సెప్టెంబర్ మధ్య నుంచి వీటికి జతకట్టే కాలం. బక్కులు ఆడవాటి వెనక పిచ్చిపట్టినట్టు తిరుగుతూ మనిషిని పట్టించుకోవు. పెద్ద కొమ్ములే కావాలనుకునేవాడికి అదే మంచి టైము, ఒప్పుకుంటా. అయితే ఆ పిచ్చి అక్టోబర్ మొదటి వారం దాకా కొద్దో గొప్పో ఉంటుంది, కాబట్టి నేను చెప్పే టైముకి కూడా తోక దొరుకుతుంది. అసలు నా గొడవంతా కొమ్ముల గురించి కాదు, కూర గురించి. ఆవిడ మాట ఇంకా చెవుల్లో ఉంది.

అలాగని మరీ ఆఖరి వారం దాకా సాగదీస్తే కూడా దెబ్బే. అప్పటికి చిన్న చిన్న గుంపులన్నీ కలిసి వందేసి మందలవుతాయి. వంద యాంటిలోప్‌లంటే రెండొందల కళ్ళు. పైగా ఒక్క వాన కురిస్తే ఆ మట్టిరోడ్లు రేగడి బురదే. మా కర్నూలు నల్లరేగడి చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, టైరు చుట్టూ ఇంకో టైరు తయారవుతుంది. ఒకసారి అక్టోబర్ ఆఖర్లో అలా ఇరుక్కుని రాత్రంతా ట్రక్కులో పడుకున్నా. ఇంకో సంగతి, వీటి కొమ్ముల పై తొడుగు ఏటా ఊడిపోయి కొత్తది వస్తుంది, అది ఊడేది కూడా జతకట్టే కాలం అయిపోయాకే. గోడకి తగిలించుకుందామనుకునేవాళ్ళు మరీ ఆలస్యం చెయ్యకండి.

కాబట్టి నా లెక్క: ఓపెనింగ్ అయ్యాక కనీసం పది రోజులు ఆగు, గట్టి ఫ్రాస్ట్ పడనివ్వు, అక్టోబర్ మొదటి రెండు వారాల్లో మంగళ, బుధ, గురువారాలు చూసుకుని పో. ఆడవాటికి మాత్రమే పనికొచ్చే ట్యాగ్ ఉంటే ఇంకో వారం ఆగినా నష్టం లేదు.

పోయినేడు అలాగే వెళ్ళా. బుధవారం పొద్దున మైనస్ ఆరు, బాటిల్లో నీళ్ళు గడ్డకట్టాయి. ట్రక్కు రోడ్డు పక్కన వదిలేసి రెండు మైళ్ళు నడిచా. ఒక దిబ్బ వెనక నుంచి తల ఎత్తితే పదకొండు కనిపించాయి, ఒక బక్, మిగతావి ఆడవి, పిల్లలు. తలలు దించి సేజ్ మేస్తున్నాయి. పరుగూ లేదు, కంగారూ లేదు. గాలి నా ముఖానికే కొడుతోంది. అక్కడి నుంచి మోచేతుల మీద పాకుడు, నలభై నిమిషాలు. అక్కడి నేలలో అరచేతి ఎత్తున నాగజెముడు ఉంటుంది, గడ్డిలో కలిసిపోయి కనపడదు. మోకాలికి ఎక్కిన ముళ్ళు శనివారం దాకా తీస్తూనే ఉంది మా ఆవిడ. రెండొందల గజాల్లో ఆగి, ఊపిరి కుదురుకునేదాకా ఉండి, ఒకే ఒక్క షాట్. నాలుగడుగులు వేసి కూలింది. మిగతా పదీ పారిపోకుండా కాసేపు అక్కడే నిలబడి చూశాయి. ఆ చూపు ఓపెనింగ్ డే నాడు కనపడదు, ఎందుకంటే అప్పుడు ఎవడూ దేన్నీ నిలబడనివ్వడు.

అక్కడికక్కడే తోలు తీసి, ఎముకల నుంచి మాంసం విడదీసి గుడ్డ సంచుల్లో వేస్తే గంటలో చల్లబడిపోయింది. ఐస్ అవసరమే పడలేదు. ఆ వారం ఇంట్లో వేపుడు చేస్తే మా చిన్నోడు ఇది మటన్ అనుకుని తిన్నాడు. నేను కూడా సరిచెయ్యలేదు.

ఇక మ్యాపు సంగతి. దక్షిణ వయోమింగ్‌లో రైలు మార్గం వెంట భూమి చదరంగం బోర్డులా ఉంటుంది. 1862 చట్టం కింద రైల్వే కంపెనీకి గడి విడిచి గడి ఇచ్చారు, ఒక్కో గడి చదరపు మైలు. తెల్లగడి ప్రభుత్వానిది, నల్లగడి ప్రైవేటుది. రెండు తెల్లగళ్ళు మూల దగ్గర మాత్రమే తగులుతాయి, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోవాలంటే ఆ మూల మీదుగానే దాటాలి. 2021లో మిస్సోరీ నుంచి వచ్చిన నలుగురు వేటగాళ్ళు ఎల్క్ మౌంటెన్ దగ్గర ఆ మూల దాటారని కేసు పెట్టారు. 2022లో అక్కడి జ్యూరీ నిర్దోషులంది. ర్యాంచ్ యజమాని వేసిన సివిల్ దావాలో కూడా 2025 మార్చిలో టెన్త్ సర్క్యూట్ ఫెడరల్ అప్పీల్ కోర్టు వేటగాళ్ళ వైపే తీర్పిచ్చింది, అదే ఏడు అక్టోబర్‌లో సుప్రీంకోర్టు అప్పీలు తీసుకోనంది. జీపీఎస్ చేతిలో పెట్టుకుని ప్రైవేటు నేల మీద కాలు పడకుండా మూల దాటగలిగితే లోపల ఎవరూ పోని గళ్ళు బోలెడు. కానీ ఇది కూడా గుంపులో చేసే పని కాదు. ఓపెనింగ్ రోజు ఒక్కో మూల దగ్గర నలుగురు నిలబడి ఉంటారు, గొడవలు తప్పవు.

వీసా మీద ఉన్న తమ్ముళ్ళు ఇన్‌బాక్స్‌లో అడుగుతున్నారు కాబట్టి ఒక మాట. వీసా మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండటం అందులో ఒక మినహాయింపు. కానీ నా పోస్టు చదివి షాపుకి పోకండి, ముందు లాయర్‌ని అడగండి. 1966 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి వయోమింగ్‌లో హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ కూడా ఉండాలి.

"పాపం, జింకని చంపడానికి మనసెలా వచ్చిందన్నా" అనేవాళ్ళు కింద కామెంట్లలో వస్తారని తెలుసు. మాది రోళ్ళపాడు దగ్గర. చిన్నప్పుడు చేలో మొలక మీద పడ్డ కృష్ణజింకల్ని డబ్బా కొట్టి తోలినవాణ్ణే. అక్కడ చట్టం వద్దంది, అక్కడ ముట్టను. ఇక్కడ ఏ ఏరియాకి ఎన్ని ట్యాగ్‌లో ఏటా మందల్ని లెక్కపెట్టి నిర్ణయిస్తారు. 2022-23 చలికాలంలో పైన్‌డేల్ వైపు మందలు ఘోరంగా దెబ్బతింటే ట్యాగ్‌లు అక్కడ గట్టిగా కోసేశారు. అప్పటి నుంచి ట్యాగ్ తగలడమే అదృష్టంగా ఉంది. అలాంటి ట్యాగ్ చేతికొచ్చాక ఎండలో మాంసం పాడుచేసుకోవడమే నా దృష్టిలో అసలు పాపం.

తమ్ముడు ఇప్పుడే మెసేజ్ పెట్టాడు, లీవ్ మార్చడానికి మేనేజర్ ఒప్పుకోవట్లేదట. సరే, పోనీ. రెండు కూలర్లు నా గరాజ్‌లో ఉన్నాయి, ఐస్ నింపుకుని పొమ్మన్నా. నేను అక్టోబర్ రెండో వారం బయల్దేరుతున్నా, ట్రక్కులో ఒక సీటు ఖాళీ. వచ్చేవాళ్ళు పెట్రోలు సగం వేసుకోండి. పెరుగన్నం, మామిడికాయ పచ్చడి నేను తెస్తా.