పొదుపు నెలట, పొదుపు నెల!

ఈ నెలంతా అనవసరపు ఖర్చులు బంద్ అని ఇంట్లో అందరం కూర్చుని తీర్మానించుకున్నాం. నాలుగో రోజుకే గుమ్మంలో పార్సిల్. ఏంటని అడిగితే "సగం ధరకే వచ్చింది, మిగిలినట్టే కదా" అంటారు మావారు. కొనకపోతే మొత్తం మిగిలేది కదండీ! పైగా డెలివరీ ఛార్జీ తప్పించుకోవడానికి అక్కర్లేని ఇంకో వస్తువు కూడా తెప్పించారు. దాని ధర ఆ ఛార్జీ కంటే ఎక్కువ.

అవసరం అంటే ఏంటో ముందే తేల్చుకోవాల్సింది. మా అమ్మాయికి మూడో జత ఇయర్‌ఫోన్లు అవసరమట, నేను కొన్న పూలకుండీ మాత్రం దుబారా అట! (సరే, అది కాస్త దుబారానే.)

అన్నిటికంటే ఒళ్లు మండేది ఆటో రెన్యూవల్. ఎప్పుడో ఫ్రీ ట్రయల్ అని కార్డు నంబర్ ఇచ్చిన పాపానికి, ఇంట్లో ఎవరూ తెరవని యాప్ ఒకటి నెలనెలా డబ్బు లాగేస్తోంది. చేరడానికి ఒక్కసారి నొక్కితే చాలు, మానేయడానికి మాత్రం ఆరు పేజీలు దాటాలి. చివర్లో "నిజంగా వెళ్లిపోతారా?" అని ఏడుపు మొహం బొమ్మ ఒకటి. వెళ్లిపోతాను తల్లీ, ఆ బటన్ ఎక్కడ దాచావో చెప్పు!